ఆశ్రమంలో చేర్పించే ముందు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఎటు చూసినా ఇదే కథ. కొడుకులు దుబాయ్‌లో, మస్కట్‌లో. బీడీలు చుట్టి, సాంచాలు నడిపి వాళ్లను పెంచిన తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా. మంచాన పడితే వృద్ధాశ్రమం వెతుకుతున్నరు, అదీ వీడియో కాల్‌లో! వీడియోలో టైల్స్ కనిపిస్తయి, తడిసిన పక్క కనిపించదు.

నమ్మకమైన మనిషిని చెప్పాపెట్టకుండా పంపండి, అన్నం వేళకు. నేనైతే ముందు మంచం పట్టినవాళ్ల మడమలు, నడుము కింద చూస్తా. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే అక్కడే పుండ్లు పడతయి. గోడలకు ఎంత రంగేసినా వాటిని దాచలేరు. నీళ్ల గ్లాసు చేతికందేలా ఉందా? గోళ్లు తీసిన్రా? రాత్రి పిలిస్తే ఎవరొస్తరు? ఈ మాట మేనేజర్‌ను కాదు, అక్కడున్న అవ్వనే అడగాలె, పక్కన ఎవరూ లేనప్పుడు.

తల్లిదండ్రుల పోషణకు 2007లోనే చట్టం వచ్చింది. పట్టించుకోని పిల్లలపై ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయొచ్చు. ఆశ్రమంలో నిర్లక్ష్యం కంటపడితే మాత్రం ఊరుకోకండి, 14567కు ఫోన్ చేయండి. అది వృద్ధుల కోసమే పెట్టిన ఎల్డర్‌లైన్, పైసా ఖర్చు లేదు.