మేడెక్కాక అడగాల్సిన ప్రశ్న

నేను గేమ్ స్టూడియోలో లెవెల్ డిజైనర్‌ని. గదులు, వసారాలు, మెట్లు గీయడమే నా ఉద్యోగం. మా టీములో చేరిన కొత్తవాళ్ళ చేత తప్పనిసరిగా 'మైహౌస్' ఆడిస్తాను. డూమ్ 2 అనే పాత షూటర్ గేమ్ కోసం వెడ్జ్ అనే మారుపేరుతో ఒక అభిమాని తయారుచేసి, 2023 మార్చిలో ఉచితంగా వదిలిన లెవెల్ అది. ఈమధ్య దాన్ని మళ్ళీ ఆడాను. ఈసారి పక్కనే ఎడిటర్ కూడా తెరిచిపెట్టుకున్నాను.

చూడ్డానికి మామూలు రెండంతస్తుల ఇల్లు. తొంభైల్లో డూమ్ మ్యాపులు నేర్చుకునేవాళ్ళు ముందుగా సొంతింటిని గీసుకోవడం ఆనవాయితీ. అందుకే ఎవరికీ అనుమానం రాదు. "అన్నా, ఇల్లు బానే ఉంది, ఇందులో ఏముంది?" అని అడిగాడు మా కుర్రాడొకడు.

ఉన్నదంతా మేడమీదే ఉంది. 1993 నాటి డూమ్ ఇంజిన్‌కి మ్యాప్ అంటే పైనుంచి చూసి గీసిన ప్లాను. అందులో ప్రతి సెక్టారుకీ, అంటే ప్లానులోని ప్రతి ముక్కకీ, నేల ఎత్తు ఒకటే, కప్పు ఎత్తు ఒకటే. గది మీద గది కుదరదు. మెట్టు 24 యూనిట్లు దాటితే ఆటగాడు ఎక్కలేడు. కప్పు కింద 56 యూనిట్ల ఖాళీ లేకపోతే పట్టడు. ఈ లెక్కలు కంఠతా వచ్చినవాడు పడగ్గదిలో అడుగుపెట్టగానే ఉలిక్కిపడతాడు: కింద హాలుండగా ఈ గది ఎక్కడిది? లెక్కలు తెలియనివాడికి అదొక పడగ్గది, అంతే.

జవాబు కొత్త ఇంజిన్‌లో ఉంది. 1997లో డూమ్ తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ దాని సోర్సు కోడ్ బయటపెట్టింది కాబట్టే జీజెడ్‌డూమ్ లాంటి ఇంజిన్లు పుట్టాయి. 'మైహౌస్' నడిచేది జీజెడ్‌డూమ్ మీదే. అందులోని పోర్టల్‌తో గడప దాటితే మ్యాప్‌లో ఇంకెక్కడో తేలొచ్చు, తెరమీద చిన్న కుదుపైనా కనిపించదు. ఆటగాడికి ఒక్క ఇల్లే. ఎడిటర్‌లో చూస్తే అదే ఇల్లు తేడాలతో మళ్ళీ మళ్ళీ గీసి ఉంటుంది. మనకు చెప్పకుండానే ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటిస్తుంటారు. వెనక వినిపించే డూమ్ 2 మొదటి లెవెల్ పాట కూడా పోనుపోను చెడిపోతుంది.

రెండోసారి ఆడితే పనితనం తెలిసింది. భయపెట్టడానికి కొత్త రాక్షసుల అవసరం పడలేదు. పాత ఇంజిన్ దేన్ని ఒప్పుకోదో ఆటగాడికి తెలుసు, ఆ నమ్మకాన్నే పెట్టుబడిగా పెట్టారు. మార్పులు కూడా మనం చూడని వైపే జరుగుతాయి. మేం లైటింగ్‌కీ షేడర్లకీ నెలలు పోస్తాం, ఆటగాడు ముందే ఏం నమ్మి వస్తున్నాడో మాత్రం అడగం.

లెవెల్ డిజైన్‌లోకి రావాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. అల్టిమేట్ డూమ్ బిల్డర్ అనే మ్యాప్ ఎడిటర్ ఉచితంగానే దొరుకుతుంది. ముందు మీ ఇల్లు పాత ఇంజిన్ నియమాలతో గీయండి. మేడ ఎక్కడ పెట్టాలో తోచక తల పట్టుకోండి. ఆ తర్వాతే 'మైహౌస్' ఆడండి.