పద్మశ్రీ తర్వాత డోలు

మణుగూరు నుంచి

నాన్నా, సింగరేణి బొగ్గు గనులున్న ఈ మణుగూరు మండలంలోనే కూనవరం ఉంది, సకిని రామచంద్రయ్య గారి ఊరు. ఆయనకు చదవడం, రాయడం వచ్చేవి కావు. కోయల వంశగాథలు, సమ్మక్క సారలమ్మల కథ మాత్రం కోయలోనూ తెలుగులోనూ డోలు మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. పైకెక్కి పడిపోయిన కళాకారుడంటూ ఆయన గురించి చెబుతుంటారు. ఆయన పడలేదని, కింద నేల ముందే కుంగుతోందని నా వాదన.

భద్రాచలం నుంచి

నాన్నా, మణుగూరులో మొదలుపెట్టిన మాట పూర్తిచేస్తాను. డోలు మీద వంశగాథ పాడే డోలీల విద్య వేదిక కోసం పుట్టింది కాదు. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ వంశాల వరసలున్నాయి. ఏ గట్టు పడిగె ఆ గట్టుదే. పడిగె ముక్కోణపు పొడవాటి గుడ్డ, దాని మీద బొమ్మల్లో వంశం కథంతా ఉంటుంది. వేల్పుల్ని కొలిచే కొలుపునాడు దాన్ని విప్పితే డోలీ ఆ బొమ్మల్ని చదివినట్టే పాడతాడు. కొలిచేవాళ్ల కట్నకానుకలే ఆ విద్యకు ఆధారం, చప్పట్లు కావు. మనమేమో మనిషిని ఎంచి బిరుదిచ్చాం. పద్మ పురస్కారంతో రూపాయి కూడా రాదు, నిబంధనే అంత. రాష్ట్రం ప్రకటించిన కోటి రూపాయలు, ఇంటి స్థలం గురించి, మాట నిలబెట్టుకోలేదన్న విమర్శ మిగిలింది.

సాయం వేళకు అందితే చాలేది కదా అంటావు. మందులకు చాలేది, అది చిన్న సంగతేమీ కాదు. కానీ పక్కన కూర్చుని వంత పాడుతూ కథ నేర్చుకునే కుర్రాడికి అందులో ఏముంది? ఒక్కరికి దక్కింది అందరికీ దక్కినట్టు కాదు. అమెరికాలో హాస్యనటుడు బర్ట్ విలియమ్స్ 1910లో తెల్లవాళ్ల వినోద ప్రదర్శన జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో చేరాడు. నల్లవాడై ఉండీ ముఖానికి మసి పూసుకునే ఆడాల్సివచ్చింది. ఒకణ్ణి ఎక్కించినంత మాత్రాన వేదిక అందరిదీ అయిపోదు. ఇక కాలం మారింది, పాత విద్యలు పోక తప్పదనేవాళ్లున్నారు. ఈ మాట నన్ను అసలు ఒప్పించదు. సమ్మక్క సారలమ్మల జాతర జరిగే మేడారానికి రెండేళ్లకోసారి లక్షల మంది వస్తూనే ఉన్నారు, ఏర్పాట్లకు సర్కారు కోట్లు పెడుతూనే ఉంది. కొలుపు బతికే ఉన్నప్పుడు దాని కథ చెప్పేవాడికి కూడు లేకపోవడం కాలం చేసిన పని కాదు, లెక్కల్లో అతనికి పద్దు లేకపోవడం. జాతర ఖర్చులోంచే డోలీలకూ వాళ్ల శిష్యులకూ ఏటా భృతి కట్టొచ్చు. పడిగెలను, పాటలను గట్టువారీగా రికార్డు చేయించొచ్చు, ఆ పని కూడా పాడేవాళ్లు ఉండగానే కావాలి.