రెయిన్‌బో బ్రిడ్జి అవతల పెరిగే పెన్షన్

టొరంటోలో మా పక్కింటి పెద్దాయనది ఇంగ్లండ్. పోయిన శనివారం నా కారులోనే నయాగరా వెళ్లాం. నేను ఫాల్స్ ఫొటోలు తీస్తుంటే ఆయన మాత్రం రెయిన్‌బో బ్రిడ్జి వైపే చూస్తున్నారు. అవతలి గట్టు అమెరికా.

ఇక్కడికొచ్చాక, 2012లో ఆయనకి బ్రిటిష్ పెన్షన్ మొదలైంది. వారానికి 107 పౌండ్లు. ఇప్పటికీ అంతే! అదే ఇంగ్లండ్‌లో ఉండుంటే 2025కి 176 అయ్యేది. కెనడాలో స్థిరపడినవాళ్లకి ఏటా పెంచరు. అమెరికాలో ఉంటే పెంచుతారు. నడిచి వెళ్లేంత దూరం, మధ్యలో ఒక్క నది! లెక్క విని నాకే ఒళ్లు మండింది. (హైక్ తక్కువైందని ఆఫీసులో నేను చేసిన గోల గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది కూడా.)

కాఫీకి వెళ్తే అక్కడా అదే సణుగుడు. బోర్డు మీద ఒక రేటు, బిల్లులో దానిపైన 13 శాతం ట్యాక్స్. "మా ఊళ్లో రాసిందే ఇచ్చేవాళ్లం" అంటారు ఇన్నేళ్లయినా. వచ్చిన కొత్తలో క్రెడిట్ హిస్టరీ లేదని కార్డు కూడా ఇవ్వలేదట, అచ్చం నాకు జరిగినట్టే.

"అటువైపే ఇల్లు చూసుకోవాల్సింది కదా" అన్నా నవ్వుతూ.

"మనవరాళ్లు ఇటున్నారు" అంటూ కప్పు పట్టుకుని లేచారు.