మావయ్య కారుకి పగటి లైట్లు పెట్టాను – అందులో నేను చేసిన రెండు తప్పులు



గ్రూప్‌లో ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌లు, హాస్టల్ మెస్ గురించే రాసుకుంటాం కదా. ఈరోజు నేను ఒక కారు గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మన ఊళ్లలో జీపో, ఆటోనో, కారో నడిపేవాళ్లు అందరికీ తెలిసినవాళ్లే కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది పాడేరు దగ్గర చిన్న గూడెం. నేను విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. అందుకని ఊళ్లో ఎవరి ఫోన్ పాడైనా, టీవీ రాకపోయినా నా దగ్గరికే తెస్తారు. "కాలేజీ సదువుతన్నావు కదా, చూడు" అంటారు. తెలీదు అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఈ కథంతా ఆ నోరు రాకపోవడం వల్లే జరిగింది.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బులు కూడబెట్టి ఒక పాత ఆల్టో కొన్నాడు. బూడిద రంగు. మా గూడెంలో అదే మొదటి కారు. సంతకి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా అందరికీ అదే దిక్కు. పోయిన సంక్రాంతి సెలవులకి నేను ఇంటికి వెళ్లినప్పుడు కారు కుడిపక్క అద్దం విరిగి ఉంది. ఏమయ్యిందని అడిగితే, ఘాట్ రోడ్డు మలుపులో ఎదురుగా వచ్చిన జీపు రాసుకుంటూ పోయిందట. పొద్దున్న తొమ్మిదింటికి. మంచు విడిపోయింది కానీ, సిల్వర్ ఓక్ చెట్ల నీడ. జీపు అతను దిగి, "అన్నా, నీ కారు రోడ్డు రంగులో కలిసిపోయింది, నాకు అగుపడలేదు" అన్నాడట.

మావయ్య నాతో అన్నాడు, "అల్లుడూ, కొత్త కార్లకి పగలు కూడా ముందర తెల్లగా కళ్లు ఎలుగుతన్నాయి కదా. అయి మన బండికి ఎట్టగలవా?"

"పెట్టేస్తాను మావయ్యా" అన్నాను. అప్పటికి నాకు వాటి పేరు కూడా సరిగ్గా తెలీదు.

వాటిని డేటైమ్ రన్నింగ్ లైట్లు అంటారు, పొట్టిగా డీఆర్ఎల్. రాత్రి రోడ్డు కనపడటానికి పెట్టేవి కావు ఇవి. పగలు మన బండి ఎదుటివాడికి కనపడటానికి. ఫిన్లాండ్‌లో 1972లోనే చలికాలంలో ఊరి బయట రోడ్ల మీద పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలని రూలు పెట్టారు. స్వీడన్ 1977లో పెట్టింది. యూరప్ యూనియన్ దేశాల్లో 2011 నుంచి కొత్త మోడల్ కార్లకి ఈ లైట్లు తప్పనిసరి. మన దేశంలో కార్లకి అలాంటి రూలు లేదు కానీ, 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటోంది, చూసే ఉంటారు. బండి స్టార్ట్ చేస్తే లైటు వెలుగుతుంది, ఆపడానికి స్విచ్ ఉండదు. ఆలోచన అదే. మావయ్య ఆల్టో లాంటి పాత కార్లు మాత్రం ఇవేవీ లేకుండా అమ్మినవి.

మొదటి తప్పు

విశాఖలో ఒక షాపులో 650 రూపాయలు పెట్టి ఎల్ఈడీ లైట్ల జత తెచ్చాను. బంపర్‌కి బిగించాను. రెండు వైర్లు లాగి నేరుగా బ్యాటరీకి కలిపి, మధ్యలో ఒక స్విచ్ పెట్టాను. అంతే. వెలిగింది. పిల్లలందరూ కారు చుట్టూ మూగారు. మావయ్య ముసిముసి నవ్వులు. అత్త నాకు కోడికూర వండి పెట్టింది. ఇంజనీర్ అయిపోయానని నాకే అనిపించింది.

మూడో రోజు రాత్రి మావయ్య సంత నుంచి వచ్చి, అలిసిపోయి, స్విచ్ ఆపడం మర్చిపోయి పడుకున్నాడు. తెల్లవారుజాము నాలుగింటికి మావయ్య చిన్న కూతురికి జ్వరం పెరిగి ఒళ్లు కొట్టుకోవడం మొదలయ్యింది. అత్త ఏడుస్తూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. మావయ్య తాళం తిప్పితే టిక్ టిక్ అని తప్ప ఏమీ లేదు. బంపర్ దగ్గర నా లైట్లు ఎర్రబడ్డ కళ్లలా మినుకు మినుకుమంటున్నాయి.

గూడెం మొత్తం లేచింది. ఏడుగురం కలిసి కారుని వంకర బాట మీద నుంచి కిందికి నెట్టాం. దిగుడులో రెండో గేరులో క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంది. పాప ఆసుపత్రికి చేరింది. మలేరియా. నాలుగు రోజులు ఉండి బాగై వచ్చింది. ఇప్పుడు ఆడుకుంటోంది. కానీ ఆ నెట్టిన పదిహేను నిమిషాలు నేను మర్చిపోలేను. మాకు దిగుడు ఉంది కాబట్టి సరిపోయింది. బాట ఎక్కుడైతే?

ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. మావయ్య, "బేటరీ పాతదైపోనాది" అన్నాడు. నాకు తెలుసు అది బ్యాటరీ తప్పు కాదని. లెక్క చాలా చిన్నది, ఇంటర్‌లో చదివిందే. రెండు లైట్లూ కలిపి 12 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది 1 ఆంపియర్ లాగుతుంది. రాత్రి ఏడు నుంచి నాలుగు వరకు తొమ్మిది గంటలు, అంటే 9 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. కొత్తదైతే తట్టుకునేదేమో. నాలుగేళ్ల పాతది, పైగా మా చలి. పరీక్షలో ఈ లెక్కకి నాకు ఫుల్ మార్కులు. బండి దగ్గర ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

రెండు రోజులు ఆగి మావయ్యకి చెప్పేశాను. "మావయ్యా, బ్యాటరీ కాదు, నేను కలిపిన విధానం తప్పు. నాకు తెలీకుండానే తెలిసినట్టు చేశాను."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే తెలిసినోడ్ని అడుగుదాం, పద" అన్నాడు.

సరిగ్గా ఎలా కలపాలి

పాడేరులో బండ్ల ఎలక్ట్రికల్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన బడికి వెళ్లలేదు. కానీ నాకు రిలే చేతిలో పెట్టి నేర్పించాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా.

1. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోకూడదు. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోవాలి. తాళం తీస్తే లైటు దానంతటదే ఆరిపోవాలి. మనిషి మర్చిపోతాడు, తాళం మర్చిపోదు.

2. మనం లాగిన వైరుకి విడిగా చిన్న ఫ్యూజు ఉండాలి, కరెంటు తీసుకున్న చోటికి దగ్గరగా. 1 ఆంపియర్ లాగే లైట్లకి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, బండి కాలదు.

3. ఐదు పిన్నుల రిలే వాడాలి. తాళం కరెంటు 30వ పిన్నుకి. లైట్ల వైరు 87ఎ పిన్నుకి. పార్కింగ్ లైటు వైరు నుంచి ఒకటి లాగి 86కి. 85 ఎర్తుకి. 87 ఖాళీగా వదిలి టేపు చుట్టాలి. అప్పుడు పగలు లైట్లు వెలుగుతాయి. పార్కింగ్ లైటో హెడ్‌లైటో వేయగానే రిలే టక్కుమని లాగి వీటిని ఆర్పేస్తుంది. రాత్రి ఇవి వెలిగి ఉంటే ఎదుటివాడి కంట్లో పొడుస్తాయి, అందుకు.

4. జాయింట్లు మెలిపెట్టి టేపు వేయడం కాదు, సోల్డర్ చేసి స్లీవ్ వేయాలి. మా వానలకి టేపు ఒక్క సీజన్ ఆగదు.

తర్వాత హాస్టల్‌కి వచ్చాక నేను ఇంకొంచెం చదివాను. యూరప్ రూల్స్ ప్రకారం ఈ లైట్లు తెల్లగానే ఉండాలి, నేల నుంచి 25 సెంటీమీటర్లకి తక్కువ కాకుండా, ఒకటిన్నర మీటరుకి ఎక్కువ కాకుండా ఉండాలి. రెండింటి మధ్య మామూలు కారుకి కనీసం 60 సెంటీమీటర్ల దూరం ఉండాలి. అప్పుడే ఎదుటివాడికి బండి వెడల్పు తెలుస్తుంది. నేను మొదట అందంగా ఉంటుందని నంబర్ ప్లేటుకి రెండు పక్కలా దగ్గరగా పెట్టాను. దూరం నుంచి చూస్తే బైకు అనుకుంటారు! తీసి చివరలకి మార్చాను. ఆ రూల్స్ ప్రకారం తయారైన లైటు అద్దం మీద గుండ్రంలో ఈ అనే ఇంగ్లీషు అక్షరం, దగ్గర్లో ఆర్ఎల్ అని ఉంటుంది. నేను కొన్నదాని మీద ఏమీ లేదు. మీరు కొనేటప్పుడు చూసుకోండి. ఎరుపు, నీలం, మెరిసేవి, రంగులు మారేవి అసలు వద్దు. కంపెనీ మీ మోడల్ పై వేరియంట్‌కి ఇచ్చే లైట్లు దొరికితే అవే మంచిది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిని మన ఇష్టమొచ్చినట్టు మార్చడం గురించే ఉంది. అందుకని పెట్టించే ముందు రవాణా ఆఫీసులో ఒకసారి అడగండి.

రెండో తప్పు

ఇది ఇంకా పెద్దది, నాకు మొదట తెలియనే లేదు.

రిలే పెట్టాక ఒకరోజు పొద్దున్నే పాడేరు నుంచి ఘాట్ దిగుతున్నాం. దట్టమైన మంచు. మావయ్య ధైర్యంగా, "మన కళ్లు ఎలుగుతన్నాయి కదా" అని హెడ్‌లైట్ వేయలేదు. వెనక నుంచి ఒక లారీ గట్టిగా హారన్ కొట్టి, బ్రేకు వేసి, మా వెనక అడుగు దూరంలో ఆగింది. డ్రైవర్ దిగి వచ్చాడు. "ముందర దీపావళి, ఎనకాల అమావాస్య! ఎలా అగుపడతావయ్యా?" అన్నాడు.

దిగి చూశాను. నిజమే. డీఆర్ఎల్ ముందు మాత్రమే వెలుగుతాయి. వెనక ఎర్ర లైట్లు వాటితో వెలగవు. పార్కింగ్ లైటు గానీ హెడ్‌లైటు గానీ వేస్తేనే వెలుగుతాయి. ముందు వెలుతురు కనపడుతోంది కదా అని మావయ్య లైట్లు వేశాననే అనుకున్నాడు. అలా అనుకునేట్టు చేసింది నేను. ఒక ప్రమాదం తప్పించబోయి ఇంకోటి తెచ్చాను.

అందుకే ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. మంచు, వాన, చీకటి, ఏది ఉన్నా డీఆర్ఎల్ చాలదు. హెడ్‌లైట్ డిమ్‌లో వేయాలి. హై బీమ్ వేస్తే మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డీఆర్ఎల్ ఉన్న కొత్త కారు నడిపేవాళ్లకి కూడా ఇదే మాట.

మావయ్యకి చదవడం రాదు. అందుకని డ్యాష్‌బోర్డు మీద ఒక కాగితం అంటించి, దాని మీద మంచు కొండ బొమ్మ, పక్కన హెడ్‌లైట్ స్విచ్ బొమ్మ గీశాను. పాప చూసి కొండకి కళ్లు గీసింది. అది అలాగే ఉంచాం.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "అల్లుడూ, పక్క గూడెంవోళ్లు జీపుకి లైట్లెట్టమన్నారు. నీకు పూర్తిగా తెలుసా, ఆ పెద్దాయన్నడగాలా?" అన్నాడు.

"సగం తెలుసు మావయ్యా. అడిగే పెడదాం" అన్నాను.

నవ్వాడు. ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పుడు అంత కష్టంగా లేదు.

మీలో డిప్లొమా, ఐటీఐ చేసిన అన్నలు, అక్కలు ఉంటే, నేను రాసిన వైరింగ్‌లో తప్పుంటే కింద చెప్పండి, సరిచేస్తాను. మీ ఊళ్లో బండి నడిపేవాళ్లకి ఆ వెనక లైట్ల సంగతి మాత్రం ఈరోజే చెప్పండి.

జోహార్.