సగం నీ దగ్గర, సగం నా దగ్గర

ఆన్‌లైన్ అకడమిక్ ఇంగ్లిష్ కోర్సుకు టాస్కులు ఎలా తయారుచేయాలో నాకు నేర్పింది విద్యార్థులు రాసే జవాబులే. 'వ్యాసం చదివి మీ అభిప్రాయం రాయండి' అంటే తరగతి మొత్తం ఒకటే రాస్తుంది: వ్యాసం బాగుంది, రచయితతో ఏకీభవిస్తున్నాను. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అందరూ చదివింది ఒకే వ్యాసం, అడిగే మేస్టారికి అందులో ఏముందో ముందే తెలుసు. తెలిసినవాళ్లకు తెలిసిందే చెప్పమంటే ఎవరైనా మొక్కుబడిగానే చెబుతారు.

దీనికి దారి మన దక్షిణాదిలోనే ఎప్పుడో దొరికింది. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల బడుల్లో ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ సూత్రాల బదులు పిల్లలకు రైలు టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమన్నారు. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడం, ఉన్న వివరాల నుంచి కొత్త విషయం ఊహించి పట్టుకోవలసి రావడం, ఎవరి అభిప్రాయం వారికి ఉండడం: ఈ మూడు రకాల ఖాళీల మీదే ఆయన టాస్కులు నిలిచాయి. ఆన్‌లైన్ పాఠానికి మొదటి రకం ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం.

వ్యవసాయ విద్యార్థులకు ఒక పరిశోధన వ్యాసాన్ని విడగొట్టి ఇచ్చాను. పద్ధతుల భాగం ఒకరికి, ఫలితాల భాగం మరొకరికి. ఎవరి భాగాన్ని వాళ్లు 120 మాటల్లో కుదించి జోడీకి పంపాలి. జోడీ అసలు వ్యాసం చూడకుండా, ఆ సారాంశం ఆధారంగానే ప్రశ్నలకు జవాబు రాయాలి.

ఒక కుర్రాడు వేరుశనగ దిగుబడి బాగా పెరిగిందని రాసి పంపాడు. జోడీగా ఉన్న అమ్మాయి వెంటనే అడిగింది: "అన్నా, ఇది మెట్టలోనా, బోరు కిందా? ఎన్ని సీజన్లు చూశారు?" రెండు వివరాలూ అతని భాగంలో పట్టిక కిందే, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. అతను మళ్లీ రాశాడు. ఈసారి నీటి వసతి, రెండు రబీ సీజన్లు, విత్తన రకం అన్నీ ఆ వాక్యంలోకి వచ్చాయి. షరతు చెప్పకుండా ఫలితం చెప్పకూడదన్న అకడమిక్ రాత నియమం నా స్లయిడ్లలో ఉన్నదే. అతనికి అది పట్టుబడింది మాత్రం ఆ అమ్మాయి ప్రశ్నతోనే.

అందుకే మార్కుల్లో పెద్ద వాటా ఆ సారాంశంతో జోడీ ఎంత సరిగ్గా జవాబు రాయగలిగిందన్న దానికే ఇస్తాను. వ్యాకరణం ఆ తర్వాత. పదజాలం సంగతీ అంతే. 2000లో వచ్చిన కాక్స్‌హెడ్ అకడమిక్ పదజాబితాలో 570 పదకుటుంబాలున్నాయి. వాటిని బట్టీ పట్టించడం కన్నా, అవసరం పడినప్పుడు అందించడమే మేలు.

ఇలాంటి కోర్సులు తయారుచేసే మిత్రులారా, 'చర్చించండి' అని రాసే ముందు ఒకరికి తెలిసి మరొకరికి తెలియని విషయం ఏదో ఒకటి వాళ్ల చేతిలో పెట్టండి. తర్వాత ఆ టాస్కును, సిగ్నల్ సరిగ్గా అందని చోట కూర్చుని, మీ ఫోన్‌లో మీరే ఒకసారి పూర్తి చేయండి.