ద్వీపానికి వెళ్ళి ఏం చేస్తారు?

కరిబియన్ దీవులంటే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే: క్రికెట్టు, సముద్రం. సముద్రమే చూడాలంటే మనకు భీమిలి వుంది, సూర్యలంక వుంది. అంత దూరం పోయి ఏం చేస్తారండీ అంటే, ఫ్లోరిడాలో వుంటున్న మా బావమరిది పుణ్యమా అని వేసవి సెలవుల్లో ట్రినిడాడ్ చూసివచ్చాను గనుక, నాలుగు మాటలు చెప్పగలను.

ముందు మరకస్ తీరానికి వెళ్ళండి. కొండదారిన మలుపులు తిరిగి తిరిగి దిగితే తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు. మీనం తినేవారికి అక్కడ సొరచేప ముక్క వేయించి రొట్టెలో పెట్టి ఇస్తారు. మాలాంటి శాకాహారులకు ‘డబుల్స్’ వున్నాయి. రెండు మెత్తటి బారాలు, మధ్య శనగల కూర. బారా అంటే పూరీకి తమ్ముడనుకోండి. మా ఆవిడ రోడ్డు ప్రక్కన నిలబడి మూడు లాగించి, ఆ మిరపకారం మన గుంటూరుకు తీసిపోదని సర్టిఫికెట్టు కూడా ఇచ్చింది.

సాయంత్రం నాలుగింటికి కరోని మడ అడవిలోకి పడవలు బయలుదేరతాయి. మన కోరింగ చూసినవారికి ఆ చెట్లు కొత్తగావు. ప్రొద్దు వాలేవేళ స్కార్లెట్ ఐబిస్ అనే పక్షులు గుంపులుగా గూటికి చేరతాయి. పిల్లగా వున్నప్పుడు బూడిదరంగు. రొయ్యలూ పీతలూ తిని తిని ఎర్రబారతాయట. పది నిమిషాల్లో పచ్చని చెట్లు మోదుగు పూసినట్టవుతాయి.

లా బ్రేలో తారు చెరువు వుంది. సుమారు 100 ఎకరాలు. 1595లో వాల్టర్ రాలీ ఆ తారుతోనే తన ఓడలకు పూత వేయించుకున్నాడు. దాని మీద నడవవచ్చు గాని, దారి తెలిసిన మనిషి వెంట వుండాలి. ఒకేచోట నిలబడితే కాలు కుంగుతుంది. ఇక 1971లో మనవాళ్ళు వెస్టిండీస్ మీద మొట్టమొదటి టెస్టు గెలిచిన క్వీన్స్ పార్క్ ఓవల్ రాజధానిలోనే వుంది. దానికి బయట నిలబడి మా బావమరిది దణ్ణం పెట్టాడు!

చివరిరోజు వాటర్‌లూ అనే వూళ్ళో సముద్రంలోని గుడికి వెళ్ళాం. 1845 నుంచి 1917 దాకా లక్షా నలభై వేలకు పైగా భారతీయులు చెరకుతోటల కూలికి ఆ ద్వీపం చేరారు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి, కొందరు మద్రాసునుంచి. వారి కోవలోని శివదాస్ సాధు అనే కూలి ఒడ్డున గుడి కట్టుకుంటే, అది కంపెనీ భూమి అని కూల్చి, ఆయనను జైల్లో పెట్టారు. బయటికి వచ్చి, నేల మీద కాదన్నారు గదా అని, సైకిలు మీద రాళ్ళు మోసి ఏళ్ళ తరబడి నీటిలోనే కట్టాడు. 1995లో దాన్ని తిరిగి నిర్మించారు.

ఆ గట్టు మీద ఒక పెద్దావిడ మమ్మల్ని పలకరించింది. మాట్లాడింది ఇంగ్లీషే. నేను తెలుగు పాఠం చెబుతానని విని, “మా ముత్తవ్వ మద్రాసు ఓడలో వచ్చింది. ఆమె పాడిన జోలపాట ఒకటి మా ఇంట్లో మిగిలింది. అది ఏ భాషో చెప్పగలవా నాయనా?” అని, పాడి వినిపించింది.

చెవులు రిక్కించి విన్నాను. మాటలన్నీ అరిగిపోయాయి. ‘పాల్’ అన్నట్టు వినబడింది. అది తెలుగుదీ కావచ్చు, తమిళానిదీ కావచ్చు. ఒకచోట మాత్రం ‘రా’ అని వినబడింది. తెలుగేనని ఒక్క అబద్ధం చెబితే ఆమె ఎంత సంతోషించేదో! నాకూ ఆశ కలిగింది. కాని ఆమె ఎన్నేళ్ళుగానో అడగటానికి మనిషికోసం చూస్తున్నది. రేపు మనవలకు అదే చెబుతుంది.

“పాటంతా నాకు తెలియలేదమ్మా. ఒక్క మాట మా మాటలా వుంది. ‘రా’ అంటే రమ్మని పిలవటం” అన్నాను.

ఆమె ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుంది. “అర్థం తెలియకుండానే నలుగురు బిడ్డల్ని నిద్రపుచ్చాను. ఇకనుంచి ఒక మాట తెలిసి పాడతాను” అన్నది.

అర్థాలన్నీ తెలిసిన మన ఇళ్ళల్లో జోలపాట ఎక్కడైనా వినబడుతున్నదా అని తిరుగు ప్రయాణమంతా ఆలోచిస్తూనే వున్నాను.

మీరూ వెళ్ళండి. పక్షుల్ని చూడండి, డబుల్స్ తినండి. ఎవరైనా పెద్దవారు పలకరిస్తే మాత్రం, పడవకు టైమయినా సరే, కాసేపు నిలబడండి.