వీపు మీద ఎంత, సైకిల్ మీద ఎంత

 

జూన్ వచ్చిందంటే ఇంటర్ ఫస్టియర్‌లో చేరే పిల్లలు ఫీజు, స్కాలర్‌షిప్ సంగతులు అడిగాక మమ్మల్ని అడిగేది బ్యాగు సంగతే. "అన్నా, సైకిల్ మీద పోవడానికి ఏ బ్యాగు మంచిది?" అని. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేము చర్ల మండలం లోపలి గూడేల వాళ్ళం, ఆరుగురం. మాలో ఇద్దరం ఇప్పుడు భద్రాచలంలో డిగ్రీ, మిగతావాళ్ళం ఇంటర్ సెకండియర్. మండల కేంద్రంలో కాలేజీకి సైకిలే దిక్కు. దగ్గరి వాళ్ళకి ఒకవైపు 9 కిలోమీటర్లు, దూరం వాళ్ళకి 13. తెలంగాణలో ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి బస్సు ఫ్రీ. మంచిదే. కానీ ఫ్రీ బస్సు అయినా ముందు మా గూడేనికి రావాలి కదా!

మాలో ఒక చెల్లి బైపీసీ. పోయిన దసరా తర్వాత పదకొండు రోజులు కాలేజీకి రాలేదు. జ్వరమేమో అనుకుని ఇంటికి పోయాం. జ్వరం కాదు. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి పెన్ను పట్టుకోలేకపోతోంది. మెడ నుంచి భుజం దాకా ఒకటే సలుపు. వాళ్ళమ్మ "అంత కష్టమైతే ఎందుకు బిడ్డా, మానెయ్. పత్తి ఏరడానికి రా, నాతోపాటు కూలన్నా వస్తది" అంటోంది. ఆమె మాటలో కోపం లేదు, పత్తి సీజన్‌లో ఒక మనిషి కూలి అంటే ఆ ఇంటికి చాలా ఎక్కువ. అట్లా ఇంకో వారం గడిస్తే ఆ అమ్మాయి చదువు అక్కడితో ఆగిపోయేది. మన దగ్గర చాలా చదువులు ఇలాగే ఆగిపోతాయి, పెద్ద కారణమేమీ ఉండదు.

ఆమె బ్యాగు తీసుకెళ్ళి కిరాణా కొట్టులో కాటా మీద పెట్టాం. 8 కిలోల 400 గ్రాములు. అమ్మాయి బరువు 44 కిలోలు. లెక్క కట్టండి, తన ఒంటి బరువులో 19 శాతం వీపు మీద మోస్తోంది, అదీ గుంతల రోడ్డు మీద. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం పిల్లల బ్యాగు వాళ్ళ ఒంటి బరువులో 10 శాతం దాటకూడదు.  ఇంటర్‌లో చేరగానే వెన్నెముక ఇనుముది అయిపోతుందా ఏంటి? మేము ఆ 10 శాతాన్నే పట్టుకున్నాం. ఆమెకి 4 కిలోల 400 గ్రాములు.

బ్యాగు విప్పి ఒక్కొక్కటీ తూచాం. పుస్తకాలు, రికార్డులు 3 కిలోల 900. రెండు నీళ్ళ సీసాలు 2 కిలోల 100. టిఫిన్ 800. రెయిన్ కోటు 700. ఇక ఖాళీ బ్యాగే 900 గ్రాములు! నీళ్ళ సంగతి ఎవరూ ఆలోచించరు. లీటరు నీళ్ళంటే కిలో బరువు. ఎండాకాలం మన దగ్గర రెండు లీటర్లు లేకుండా కదలలేం, కానీ అవి వీపు మీదే ఉండాలని ఎక్కడుంది?

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, అరచేతి అంచున ఉండే నరం హ్యాండిల్‌కి ఒత్తుకుంటోందని చెప్పింది. అప్పుడు మాకు విషయం అర్థమైంది. వీపు మీద బరువు ఉండి ముందుకు వంగితే ఆ బరువు గాల్లో కలిసిపోదు. కొంత సీటు మీదికి, కొంత చేతుల మీదుగా హ్యాండిల్ మీదికి దిగుతుంది. అందుకే బ్యాగు బరువైతే ముడ్డి కూడా నొప్పి పుడుతుంది, చేతులూ తిమ్మిరెక్కుతాయి. చాలామంది సీటును తిట్టుకుంటారు గానీ అసలు దోషం బ్యాగుది. హ్యాండిల్ సీటు కంటే కిందికి ఉంటే ఇంకా ఎక్కువ. గేర్ సైకిళ్ళు కొన్న తమ్ముళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి, పాత నల్ల సైకిల్ మీద నిటారుగా కూర్చునేవాళ్ళకి చేతుల మీద బరువు తక్కువే పడుతుంది. వాళ్ళకి భుజాలు లాగుతాయి.

కాబట్టి మేము చెప్పే మొదటి మాట, చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే బ్యాగు తర్వాత, ముందు క్యారియర్ గట్టిది వేయించండి. బరువు మోయాల్సింది సైకిలే. మేము టైలర్ దగ్గర పాత టార్పాలిన్‌తో జంట సంచులు కుట్టించుకున్నాం. క్యారియర్‌కి అటొకటి ఇటొకటి వేలాడతాయి, మధ్యలో పట్టా. పాలవాళ్ళు క్యాన్లు తగిలించినట్టే. మాలో ఒకరి తాత కల్లు కుండలు కావడి మీద మోసిన మనిషి. మా సంచులు చూసి "ఇప్పటికి తెలివొచ్చింది రా మీకు" అన్నాడు. రెండువైపులా బరువు సమానంగా ఉండాలని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఒకవైపు నీళ్ళు, టిఫిన్ పెడితే రెండోవైపు రికార్డులు, కోటు. సమానం కాకపోతే ఇసుకలో సైకిల్ ఒకవైపే లాగుతుంది.

కుట్టించుకునేటప్పుడు రెండు చూసుకోండి. సంచి కొంచెం వెనక్కి వేలాడాలి, లేదంటే పెడల్ తొక్కేటప్పుడు మడమ తగులుతుంది. చక్రం వైపు సంచి లోపల ఒక వెదురుబద్ద నిలువుగా కుట్టించాలి, లేదంటే సంచి మెత్తబడి స్పోకుల్లోకి పోతుంది. పైన పాత ట్యూబు ముక్కతో బిగించి కడితే చాలు, తాడు కంటే అదే నయం.

మరి బ్యాగు ఎందుకు, అన్నీ క్యారియర్ మీదే పెట్టొచ్చుగా అంటారేమో. పెట్టలేం. వాగు పొంగితే సైకిల్‌ని భుజానికెత్తుకుని దాటాలి. కాలేజీ స్టాండులో సైకిల్ వదిలేసి లోపలికి పోతాం. ఫోను, పర్సు, ముఖ్యంగా సర్టిఫికెట్లు ఒంటి మీదే ఉండాలి. స్కాలర్‌షిప్ రోజుల్లో టెన్త్ మెమో, కుల సర్టిఫికెట్ ఒరిజినళ్ళు పట్టుకుని తిరుగుతాం కదా, అవి తడిస్తే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని తిప్పలో మీకు తెలుసు. షాపు వాళ్ళు వాటర్‌ప్రూఫ్ అంటారు, మామూలు జిప్పు లోంచి నీళ్ళు పోతూనే ఉంటాయి. లోపల మందపాటి పాలిథిన్ కవరు పెట్టి మూతి మూడు మడతలు వేయండి. దాన్ని మించిన వాటర్‌ప్రూఫ్ మేము చూడలేదు.

ఇక బ్యాగు. షాపులో ఖాళీ బ్యాగు తగిలించి అద్దం చూపిస్తారు. ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది! మేము పోయినప్పుడు మూడు కిలోల బియ్యం మూట పట్టుకుపోయాం. షాపాయన మమ్మల్ని వింతగా చూశాడు. బ్యాగులో వేసి, తగిలించుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి, తల వెనక్కి తిప్పి చూడండి. తల బ్యాగుకి తగిలితే అది వద్దు. మన రోడ్ల మీద ఇసుక లారీ వస్తోందా అని వెనక్కి చూడకుండా ఎలా? వంగినప్పుడు బ్యాగు మెడ మీదికి జారినా వద్దు.

పొడవు ముఖ్యం. తల వంచితే మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడ నుంచి నడుం ఎముకల పైఅంచు దాకా టేపుతో కొలవండి. ఆ చెల్లికి పదిహేనున్నర అంగుళాలు, మాలో పొడుగు వాడికి 18. మనిషి ఎత్తుని బట్టి ఇది చెప్పలేం, పొట్టివాళ్ళకి పొడుగు వీపు ఉండొచ్చు. బ్యాగు ఆ కొలత కంటే పొడుగైతే కింద సీటుకి తగులుతుంది, లేదా పిర్రల మీద ఎగిరెగిరి పడుతుంది. 20 నుంచి 25 లీటర్ల బ్యాగు చాలు. పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి కుక్కుతాం.

భుజం పట్టీలు నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి. స్పాంజిని బొటనవేలితో నొక్కండి. నొక్కిన చోటే గుంత నిలబడిపోతే రెండు నెలల్లో తాడులా అవుతుంది. పట్టీ బ్యాగుకి కలిసే చోట కుట్టు చూడండి. నలుచదరంగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టి ఉంటే గట్టిది. ఒకే వరస కుట్టు అయితే కొనగానే టైలర్‌తో ఇంకో రెండు వరసలు వేయించుకోండి. ఒకచోట మాకు ఉచితంగా ఇచ్చిన బ్యాగులన్నీ మూడో నెలలో అక్కడే తెగాయి. ఆరు బ్యాగులు, ఆరూ ఒకే చోట!

ఛాతీ దగ్గర అడ్డపట్టీ ఉంటే మంచిది, పట్టీలు భుజాల మీద నుంచి జారవు. ఆడపిల్లలకి ఆ పట్టీ పైకీ కిందికీ జరిగేలా ఉండాలి, ఒకేచోట కుట్టేసి ఉంటే ఇబ్బంది. చున్నీని భుజం పట్టీల కింద నుంచి తీసి నడుముకి ముడేయండి, వేలాడే చున్నీ చక్రంలో పడితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నడుం బెల్టు నిటారుగా కూర్చునేవాళ్ళకి కొంత బరువు ఆపుతుంది. వంగి తొక్కేవాళ్ళకి బ్యాగు అటూ ఇటూ ఊగకుండా పట్టుకుంటుంది, అంతే.

చెమట సంగతికొస్తే, వీపు వైపు జాలీ గుడ్డ, మధ్యలో గాలి పోయే గాడి ఉన్నవి ఉంటాయి. ఎండాకాలం మన దగ్గర అవి ఉన్నా చొక్కా తడుస్తుంది. దానికోసం రెండు వందలు ఎక్కువ పెట్టొద్దని మా ఆరుగురిలో ఐదుగురి మాట. ఆరోవాడు ఒప్పుకోడు. రంగు మాత్రం నలుపు వద్దు. శీతాకాలం సాయంత్రం ఆరింటికే చీకటి పడుతుంది, వెనక మెరిసే టేపు ముక్క అంటించండి.

సర్దేటప్పుడు బరువు పుస్తకం వీపుకి ఆనుకుని ఉండాలి, తేలికవి బయటివైపు. బరువంతా పైన పెడితే మలుపులో బ్యాగే మనల్ని తిప్పేస్తుంది.

ఆ చెల్లి ఇప్పుడు వీపు మీద 3 కిలోల 200 గ్రాములు మోస్తోంది, మిగతాది జంట సంచుల్లో. తిమ్మిరి తగ్గడానికి నెల పైనే పట్టింది. సెకండియర్‌లో ఉంది, జువాలజీ రికార్డు బొమ్మలు మా అందరికంటే బాగా వేస్తుంది. వాళ్ళమ్మ మొన్న మమ్మల్ని పిలిచి, అట్లాంటి సంచులే సంతకి కూరగాయలు తీసుకెళ్ళడానికి తనకీ ఒక జత కావాలంది. కొలతలు గీసిన కాగితం మా దగ్గర ఉంది. కావాల్సినవాళ్ళు మీ క్యారియర్ పొడవు, వెడల్పు కొలిచి పంపండి, దానికి తగ్గట్టు గీసిస్తాం.